మధుపర్కం నుండి గద్వాల చీర దాకా

2025 మాఘమాసంలో మా అమ్మాయి వివాహం జరిగింది. దానికి ఆరు మాసాల ముందు, లగ్నపత్రిక వ్రాసుకొని వియ్యాలవారు సెలవు తీసుకొన్న రాత్రి, మా ఇంట ఒక చిన్న ప్రశ్న తలెత్తింది. ముహూర్తపు చీర ఎక్కడ తీసుకోవాలి?

చదువరులు నవ్వవచ్చు. ఇది పదవీవిరమణ చేసిన తెలుగు పండితుడు తలదూర్చవలసిన విషయమా అని. నేనూ మొదట అలాగే అనుకొని, కళ్ళజోడు తుడుచుకొంటూ ఒక మూల కూర్చున్నాను. మా ఆవిడ హైదరాబాదులో పెద్ద దుకాణానికి పోదామన్నది. అక్కడైతే నూరు చీరలు కళ్ళారా చూడవచ్చు, నచ్చకపోతే లేచి రావచ్చు. మా అమ్మాయి స్నేహితురాలొకరు బొటిక్ పేరు చెప్పింది. అక్కడ బొమ్మ గీసి ఇస్తే వారే ఎవరిచేతనో నేయించి, రవికె కుట్టించి, పెట్టెలో పెట్టి ఇంటికి పంపుతారట. ఇక మా అమ్మాయి కోరిక వేరు. మా అత్తగారి పాత గద్వాల చీర ఒకటి ట్రంకుపెట్టెలో ఉన్నది. నూలు ఒళ్ళు, పట్టు అంచు, అంచులో కోటకొమ్మలు. మడతల వెంట చిరుగుపట్టి, ముట్టుకుంటే పోగులుగా విడివడుతున్నది. "నాన్నా, నాకు అచ్చం ఇలాంటిదే కావాలి. కానీ ఒళ్ళు గోరింటాకు రంగులో ఉండాలి. నువ్వు గద్వాల వైపు పని చేశావు కదా, నేసేవాళ్ళు నీకు తెలియదా?" అని అడిగింది.

తెలుసును. తెలిసినందువల్లనే నేను మాట్లాడలేదు. ఆ మాట తరువాత చెబుతాను. దానికి ముందు, పెండ్లిబట్టను గూర్చి నేను చదివినవీ, తరగతిలో చెప్పినవీ కొన్ని సంగతులు మనవి చేస్తాను.

మన పెండ్లిండ్లలో ముహూర్త సమయాన వధూవరులు కట్టుకొనే తెల్లని నూలుబట్టలను మధుపర్కాలంటాము. చీరకూ పంచెకూ ఎర్రటి అంచో పసుపు అంచో ఉంటుంది. పట్టుచీర ఎంత విలువైనదైనా మంగళసూత్రధారణ వేళకు ఈ నూలుబట్టకే పీట వేసే ఇండ్లు నేటికీ ఎన్నో ఉన్నాయి. అయితే మధుపర్కమనే మాటకు అసలు అర్థం బట్ట కాదు. మధువు అంటే తేనె. తేనెను పెరుగుతోనూ నేతితోనూ కలిపి, ఇంటికి వచ్చిన పూజ్యునికి ఇచ్చే ఆతిథ్యద్రవ్యమే మధుపర్కం. ఆచార్యుడు, ఋత్విక్కు, రాజు మొదలైన పూజ్యులలో వరుడినీ గృహ్యసూత్రాలు చేర్చాయి. ఆ మర్యాదతో పాటు ఇచ్చే వస్త్రానికి కాలక్రమాన ఆ పేరే స్థిరపడింది. తినే పదార్థం పేరు కట్టే బట్టకు వచ్చిన ఈ అర్థసంక్రమణాన్ని నేను తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు.

ఆ గృహ్యసూత్రాలలోనే మరొక మాట ఉన్నది. అహతవస్త్రం. హతం కానిది అహతం. అంటే చాకిరేవు బండ దెబ్బ తగలనిది, ఎవరూ కట్టి విడవనిది, దశలు తెగనిది. దశలంటే బట్ట కొసన వ్రేలాడే పోగులు. మగ్గం నుండి దిగిన బట్టను కోసి, మడిచి, కుట్టితే దశలు పోతాయి. కనుక శుభకార్యానికి పనికివచ్చే బట్ట మగ్గం మీది నుండి నేరుగా వచ్చినదే కావాలని పూర్వుల భావన. కుట్టించిన బట్ట వధువుకు రవికె రూపంలో చాలా తరువాత వచ్చింది. కొలత ఇచ్చి చేయించుకోవడమనేది మన సంప్రదాయంలో దర్జీ దగ్గర కాక, మగ్గం దగ్గర జరిగేది.

ఇంతకంటె విశేషమైనది ఇంకొకటి. అథర్వవేదంలో 14వ కాండ అంతా వివాహసంబంధమైనది. అందులో వధువుకు నూత్నవస్త్రాన్ని కట్టబెట్టే సందర్భంలో చెప్పే ఒక మంత్రం ఉన్నది. నూలు వడికినవారిని, నేసినవారిని, పడుగు సాచినవారిని, కొసలు సరిచేసినవారిని అది దేవతలుగా స్మరిస్తుంది. ఆ దేవతలే ఈమెను దీర్ఘాయువుతో ఆచ్ఛాదించవలెనని కోరుతుంది. అక్కడ వాడిన పదాలు స్త్రీలింగంలో ఉన్నాయి. అంటే వడికినవారూ నేసినవారూ స్త్రీలు. 2019–20లో జరిగిన నాలుగవ అఖిలభారత చేనేత గణన ప్రకారం మన దేశంలో 31 లక్షలకు పైగా కుటుంబాలు ఈ వృత్తిని నమ్ముకొని ఉన్నాయి. పనివారిలో నూటికి డెబ్బైమందికి మించి స్త్రీలే. మంత్రం పాతబడింది గాని అందులోని విషయం పాతబడలేదు. పురోహితుడు మంత్రం చదువుతూనే ఉన్నాడు. మనమే ఆ దేవతల ఇల్లెక్కడో మరచిపోయాము.

ఇక మన తెలుగుదేశపు బట్ట చరిత్ర. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడలు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొనివస్తే వాటిలోని సరుకును పూర్వరాజులు కాజేసేవారనీ, తాను సుంకం మాత్రమే తీసుకొని తక్కినది వర్తకులకే విడుస్తాననీ ఆ శాసనంలో అభయమిచ్చాడు. ఆ శతాబ్ది చివర ఈ తీరాన్ని వర్ణించిన మార్కోపోలో, ఇక్కడి రాజ్యాన్ని ఏలుతున్న రాణిని కొనియాడాడు. ఇక్కడ నేసే సన్నని బట్టను సాలెగూటితో పోల్చాడు. ఆ రాణి రుద్రమదేవియేనని చరిత్రకారుల నిర్ణయం. అదే కాకతీయయుగపు కవి పాల్కురికి సోమనాథుడు తన ద్విపదలో బట్టల పేర్లు పెద్ద పట్టికగా ఏకరువు పెట్టాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఇటువంటి పట్టికలను వెదకి పట్టుకొని, కావ్యాలలో రాజులే కాదు, జనం తిన్న తిండీ కట్టిన బట్టా ఉన్నాయని మనకు చూపించారు. కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెలుగులో మొట్టమొదట 1955లో లభించింది ఆ గ్రంథానికే. ఆయన స్వగ్రామం గద్వాల ప్రాంతపు ఇటికాలపాడు కావడం నాకొక ముచ్చట.

తరువాతి కథ మచిలీపట్నానిది. 1611లో ఇంగ్లీషువారి ఓడ అక్కడ లంగరు వేసింది. బట్టలకోసమే వచ్చింది. సముద్రం దాటిపోయే బట్ట అంగడిలో రాశిపోసి దొరికే సరుకు కాదు. ఇంత పొడవు, ఇంత పన్నా, ఈ రంగు, ఈ పూవు అని ముందుగా చెప్పి నేయించుకోవలసినది. అందుకోసం వర్తకుడు నేతగానికి ముందుగా సొమ్ము ఇచ్చేవాడు. దానినే మనం బయానా అంటున్నాము. ఆ సొమ్ముతో నేతగాడు నూలు కొనేవాడు, బట్ట పూర్తయ్యేదాకా ఇల్లు గడుపుకొనేవాడు.

18వ శతాబ్దిలో ఈ బయానాకు ఒక ధర్మం ఉండేదని చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి 2001లో వెలువరించిన గ్రంథంలో నిరూపించారు. దక్షిణదేశంలో నేతగానికి ఇష్టం లేకపోతే బయానా తిరిగి ఇచ్చి ఒప్పందం నుండి తప్పుకొనే హక్కు ఉండేది. వర్తకునికి మాత్రం ఇచ్చిన బయానాను వెనుకకు అడిగే హక్కు లేదు. మొదటిసారి చదివినప్పుడు నాకిది తలక్రిందుల న్యాయంగా తోచింది. సొమ్ము ఇచ్చినవాడికి లేని స్వేచ్ఛ పుచ్చుకొన్నవాడికా? ఆలోచించగా తెలిసింది. వర్తకుడు తప్పుకొంటే అతనికి పోయేది సొమ్ము మాత్రమే. నేతగానికి పోయేది అప్పటికే పడుగుగా సాచిన నూలు, చేసిన రోజులు, మరొకరికి చెప్పిన 'లేదు' అనే మాట. ఎవరికి ఎక్కువ నష్టమో వారి చేతికి తాళం ఇచ్చిన వ్యవస్థ అది. కుంఫిణీ ప్రభుత్వం రాజ్యాధికారం చేతికి వచ్చాక ఆ తాళాన్ని లాగుకొన్నది. నేతగాడు తనకు తప్ప మరొకరికి నేయరాదన్నది, బాకీ పేరుతో కట్టిపడవేసింది. నేతగాండ్ర పతనానికి యంత్రం ఒక్కటే కారణమని మేము పిల్లలకు చెప్పేవారము. యంత్రం కంటె ముందు మాట తప్పడం వచ్చింది.

ఇప్పుడు గద్వాల సంగతి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న సీమను నడిగడ్డ అంటారు. అక్కడి సంస్థానం నిజాము రాజ్యంలో ఉంటూనే కవిపండితులను ఆదరించి 'విద్వద్గద్వాల' అని పేరు తెచ్చుకొన్నది. పద్యం చెప్పినవానికి శాలువ కప్పేవారు. ఆ బట్టను నేసేవారు ఆ కోటగోడల చుట్టుపక్కలనే ఉండేవారు. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, కవులకు జరిగే సన్మానాలు పుస్తకాలలో మిగిలాయి. ఒక్క ఆచారం మాత్రం నిలిచింది. ఏటా తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం పేర ఏరువాడ జోడుపంచెలు సమర్పిస్తారు. పదకొండు గజాల పొడవున, అంచుల్లో కోటకొమ్మలతో, నలభైఒక్క రోజులు దీక్షపట్టి వాటిని నేస్తారు. కొలత చెప్పి నేయించుకొనే బట్టకు ఇంతకంటె గొప్ప ఉదాహరణ నాకు తెలియదు. అలంకరించుకోబోయే దేవుడు సైతం నలభైఒక్క రోజులు ఆగవలసినదే.

గద్వాల నేతలోని మర్మం ఒళ్ళూ అంచూ కలిసేచోట ఉన్నది. ఒళ్ళు నూలు, అంచులూ కొంగూ పట్టు. మామూలు బట్టలో ఒకే నాడె ఈ అంచు నుండి ఆ అంచుకు పరుగెత్తుతుంది. కనుక ఒంటి రంగు పేక అంచులోకీ పోతుంది, అంచు రంగు కొంత మాసినట్లు కనబడుతుంది. గద్వాల చీరకు మూడు నాడెలు. నడుమ ఒంటికొకటి, ఇరుప్రక్కల అంచులకు చెరొకటి. ఒంటి పేకా అంచు పేకా కలిసేచోట ఒకదానినొకటి పెనవేసుకొని వెనుదిరుగుతాయి. అందువల్ల అంచు ఎరుపైతే నిండు ఎరుపే, ఒళ్ళు తెలుపైతే నిండు తెలుపే. ఇది ఒకరి చేతితో సాగే పని కాదు. నేసేవాని ప్రక్కన మరొకరు కూర్చొని అంచు నాడె అందుకోవాలి. ఆ రెండవ చేయి తరచుగా భార్యది, లేకుంటే బిడ్డది. ఈ మాటను చదువరులు గుర్తుంచుకోవలెనని మనవి.

ఇక నేను మౌనంగా ఉండిపోయిన కారణం.

1986లో నేను గద్వాలకు సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో కొత్తగా చేరిన తెలుగు పండితుణ్ణి. ఆ వైశాఖంలో మా చెల్లెలి పెండ్లి. దానికి ముదురు వంకాయరంగు మీద మోజు. నేను ఒక నేతపని పెద్దాయన ఇంటికి వెళ్ళి, ఆ రంగు ఒళ్ళు, ఎర్రని అంచు చెప్పి, నూరు రూపాయలు బయానా ఇచ్చి వచ్చాను. ఆయన రంగు విని కొంచెం తటపటాయించాడు. "అందరు అడిగే రంగు కాదు సారూ. మీరు తీస్కపోతనంటే పడుగు పోస్త" అన్నాడు. తప్పక తీసుకొంటానన్నాను. నెల తిరగకుండానే మగపెండ్లివారి ఇంటినుండి కబురు వచ్చింది. వంకాయరంగులో నలుపు ఛాయ ఉన్నది, శుభానికి కూడదు, కంచిపట్టు తామే తెస్తామని. నేను మళ్ళీ ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళలేదు. నూరు రూపాయలూ పోతే పోయినవి, ఆయనకే లాభం కదా అని మనసుకు సర్దిచెప్పుకొన్నాను. ఆ వీథిలోనుండి బడికి పోవడం మాని, చెరువుగట్టు దారిన పోవడం మొదలుపెట్టాను. ఆయన కొడుకు మా బడిలోనే, నా తరగతిలోనే రెండవ వరుసలో కూర్చొనేవాడు. వాడు ఒక్కనాడూ ఆ ప్రస్తావన తేలేదు. తొమ్మిదవ తరగతి మధ్యలో బడి మానివేశాడు. నేను హాజరుపట్టీలో పేరు కొట్టివేశాను.

పార్థసారథిగారి పుస్తకం చదివినప్పుడు నాకు మొట్టమొదట గుర్తుకు వచ్చింది కుంఫిణీ దొర కాదు. నేనే.

ఈ కథ మా ఆవిడకు కూడ నేను చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను. అమ్మాయి చాలాసేపు ఊరకుండి, "అయితే ఇప్పుడు అక్కడికే పోదాం నాన్నా" అన్నది. మా ఆవిడ మాత్రం తన అభ్యంతరాలు వదులుకోలేదు. వదులుకోకపోవడమే మంచిదైంది, ఎందుకంటే అవి నిజమైన అభ్యంతరాలు. తీరా తెచ్చాక నచ్చకపోతే? అనుకొన్న వేళకు అందకపోతే? పట్టు పేరిట మరేదో పెడితే? "మీ పాపానికి ప్రాయశ్చిత్తం నా బిడ్డ పెండ్లిచీరతోనా?" అని కూడ అన్నది. దానికి నా వద్ద సమాధానం లేదు. అందుచేత మేము భావోద్వేగాన్ని ప్రక్కన పెట్టి మూడు దారులనూ తూచి చూశాము.

దుకాణంలో చూసుకొనే వీలున్నది, కాని అమ్మాయి కోరిన రంగూ కోటకొమ్మా కలిసి ఉన్న చీర దొరకవచ్చు, దొరకకపోవచ్చు. బొటిక్‌లో కోరినది దొరుకుతుంది, కాని నేసినవారెవరో మనకు తెలియదు, మనమెవరో వారికి తెలియదు. మధ్యవర్తి చేతిలో ధర ఎంత ఆగుతుందో ఎవరికీ తెలియదు. సహకార సంఘం మరొక దారి. నేతగానిని షావుకారు బాకీనుండి విడిపించడానికే ఆంధ్రలో ప్రగడ కోటయ్యగారూ తెలంగాణలో కొండా లక్ష్మణ్ బాపూజీగారూ జీవితాలు వెచ్చించి సంఘాలు నిలబెట్టారు. ఇద్దరూ 1915లోనే పుట్టడం కాకతాళీయం. 1976లో ఏర్పడిన ఆప్కో ఆ ఉద్యమాల ఫలమే. సంఘం దుకాణంలో నాణ్యతకు పూచీ ఉంటుంది. అయినా ఒక్క చీరకు ప్రత్యేకమైన రంగు కావాలంటే అక్కడా చివరకు ఒక మగ్గం వద్దకే పోవాలి.

నకిలీని పట్టుకోవడానికి కూడ కొన్ని గుర్తులు నేర్చుకొన్నాము. పట్టుకు సిల్క్ మార్కు 2004 నుండీ, చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్కు 2006 నుండీ ఉన్నాయి. గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పట్టుపోగు కొస కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. అన్నిటికంటె తేలికైన పరీక్ష ముందే చెప్పాను. అంచులో ఒంటి రంగు కలిసిపోయి కనబడితే అది మూడు నాడెల నేత కాదు. 1985లో పార్లమెంటు చేనేతకు ప్రత్యేకించి 22 రకాల బట్టలను కేటాయిస్తూ చట్టం తెచ్చింది. తరువాత ఆ 22ను 11కు కుదించారు. చట్టం కుదించిన చోట కొనుగోలుదారు కన్నే కాపలా కావాలి.

2024 శ్రావణంలో నేనూ అమ్మాయీ గద్వాల వెళ్ళాము. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పెద్దాయన లేరు. గోడమీద పటంలో ఉన్నారు. రెండవ వరుసలో కూర్చొన్న ఆ పిల్లవాడు ఇప్పుడు యాభై దాటినవాడు, గుంటమగ్గంలోనుండి లేచి వచ్చి నమస్కరించాడు. భార్య కండెలు చుడుతున్నది. వచ్చిన పని చెప్పాను. పాత సంగతి కూడ చెప్పాను. వంచిన తల ఎత్తకుండా చెప్పాను.

అతడు కోపగించుకోలేదు. ఊరడించనూ లేదు. లెక్క చెప్పినట్లు చెప్పాడు. "పడుగు ఒక్క చీరకు పొయ్యం గద సార్. మూడు చీరలకు పోసినం. మూడూ అదే రంగు. రెండు సగం ధరకు పోయినయ్. ఒకటి మా అక్క పెండ్లికి మా నాయిన పెట్టిండు. ఆమెకు ఆ రంగు నచ్చలే. కానీ వేరేది లేకుండె."

మా చెల్లెలికి అశుభమని మగపెండ్లివారు కాదన్న చీరతో ఆ ఇంటి ఆడపిల్ల పీటల మీద కూర్చున్నదన్నమాట.

"మరి నువ్వు బడెందుకు మానేశావు నాయనా?" అని అడిగాను. ముప్పై ఎనిమిదేండ్ల క్రితం అడగవలసిన ప్రశ్న.

"నూలు బాకీ ఉండె సార్. అక్క అత్తగారింటికి పాయె. మగ్గానికి ఇంకొక చెయ్యి గావాలె గద" అన్నాడు.

నా చీర ఒక్కటే దానికి కారణమని నేననను. నూలు ధరలు, వానలు, జబ్బులు, ఎన్నో ఉంటాయి. కాని ఆ లెక్కలో నా వాటా ఎంతో నాకు తెలియదు, సున్న మాత్రం కాదు.

అప్పుడు అమ్మాయి మాట్లాడింది. పడుగు మీద మూడు చీరలు వస్తాయి గనుక మూడూ మేమే తీసుకొంటామన్నది. ఒకటి తనకు, ఒకటి వాళ్ళమ్మకు, ఒకటి మేనత్తకు. దానికి బదులు రిసెప్షను కోసం కొనదలచిన ఖరీదైన దుస్తులు మానుకొంటానన్నది. లెక్క వేస్తే ఖర్చు ఇంచుమించు సరిపోయింది. రంగు ఫోనులోని బొమ్మ చూసి నిశ్చయించవద్దని అతడే చెప్పాడు. అద్దిన నూలు చిలుపను వాకిట్లో ఎండలోనూ, తరువాత లోపల నీడలోనూ పట్టి చూపించాడు. అమ్మాయి నాలుగు పచ్చలు త్రోసివేసి అయిదవది ఒప్పుకొన్నది. పొడవు, పన్నా, అంచు వెడల్పు, కొమ్మల వరుస, జరీ ఏ రకమైనది, ఎప్పటికి కావాలి అన్నవన్నీ కాగితం మీద వ్రాసుకొన్నాము. ముహూర్తానికి నెలన్నర ముందే చేతికి రావాలన్నది మా ఆవిడ షరతు. ఫాల్ కుట్టడానికీ రవికెకూ వ్యవధి కావాలి, ఏదైనా లోపముంటే సరిదిద్దుకోవడానికీ వ్యవధి కావాలి. అతడు ఒప్పుకొన్నాడు.

బయానా ఇచ్చేటప్పుడు నేను మొత్తం సొమ్ము తీశాను. అతడు సగం లెక్కపెట్టుకొని తక్కినది తిరిగి నా చేతిలో పెట్టాడు. "సగం సాలు సార్. మిగిలింది చీర తీస్కపోయేటప్పుడు ఇయ్యుండ్రి" అన్నాడు. ఒక క్షణం ఆగి, "ఈసారన్నా మీరే వచ్చి తీస్కపోతరు గద?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

మార్గశిరంలో వెళ్ళి తెచ్చాను. ఒక చీరలో అంచుకూ ఒంటికీ నడుమ అరంగుళం మేర పెనవేత కొంచెం వదులైంది. దానిని అతడే చూపించాడు, ఆ చీర తన అమ్మకానికి పెట్టుకొని మరొకటి నేసి ఇస్తానన్నాడు. వద్దన్నాను. దానిని మా ఆవిడ ఉంచుకొన్నది. మూడవది మా చెల్లెలికి ఇస్తూ 1986 నాటి కథ అంతా చెప్పాను. అది చీరను ఒళ్ళో పెట్టుకొని, "నాకెందుకు చెప్పలేదన్నయ్యా, నేనైనా పోయి తెచ్చుకొందును గదా" అన్నది.

పెండ్లినాడు పురోహితుడు ఆ మంత్రం చదివినప్పుడు నేను కొంచెం గట్టిగా చదవమని కోరాను. ఎందుకో ఆయనకు తెలియదు. రెండవ వరుసలో, భార్యతో పాటు కూర్చొని ఉన్న నా పూర్వవిద్యార్థికి వినపడవలెనని.

పెండ్లి తలపెట్టినవారికి ఈ వృద్ధుని సలహా ఒక్కటే. దుకాణంలో కొనండి, తప్పు లేదు. సంఘంలో కొనండి, మరీ మంచిది. కాని మగ్గం దగ్గరకు పోయి 'నాకోసం నేయండి' అని ఒక్కసారి అన్నారా, పడుగు సాగిన క్షణం నుండి ఆ చీర మీదే. నచ్చినా నచ్చకపోయినా, మగపెండ్లివారు ఔనన్నా కాదన్నా, వెళ్ళి తెచ్చుకోండి. నూరు రూపాయల బయానాతో ఆ బాధ్యత తీరదు. తీరుతుందని ముప్పై ఎనిమిదేండ్లు నమ్మినవాడిని గనుక చెబుతున్నాను.

స్వస్తి.